రొట్టె పళ్ళెం నన్ను దాటి వెళ్ళిన తొమ్మిది నెలలు – నా అనుభవం

2024 జనవరి 7, ఆ ఏడాది మొదటి ఆదివారం. మా సంఘంలో, అంటే మా చర్చిలో, ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది, యేసు మరణాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆచారం. నేను ఎప్పటిలాగే కీబోర్డు దగ్గర కూర్చున్నాను. స్టీలు పళ్ళెంలో చిన్న చిన్న ముక్కలుగా కోసిన రొట్టె నా ముందుకు వచ్చింది. అంతకు మూడు రోజుల ముందు, బుధవారం అర్ధరాత్రి దాటాక నేను ఫోన్‌లో ఏం చూస్తూ కూర్చున్నానో నాకు తెలుసు. అలాంటి వారాల్లో కూడా "ప్రభువా క్షమించు" అని లోపల ఒక్క మాట అనేసుకుని తీసుకోవడం నాకు ఏళ్ళ తరబడి అలవాటు. ఆ రోజు మాత్రం చెయ్యి లేవలేదు. పళ్ళెం పట్టుకున్న పెద్దాయన ఒక్క క్షణం ఆగి, నా మొహంలోకి చూసి, పక్కవాళ్ళకి అందించారు.

ఇంటికి వెళ్తుంటే బండి మీద వెనక నుంచి నా భార్య అడిగింది. "ఏమండీ, బల్ల తీసుకోలేదేం?" మధ్యలో పాప ఉంది. "కడుపులో బాగోలేదు" అన్నాను.

నాకిప్పుడు ముప్పై ఆరేళ్ళు. ఉండేది విజయవాడ. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో హాస్టల్లో మొదలైన అలవాటు ఇది, అశ్లీల సైట్లు చూడటం. 2012లో బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఇక అయిపోయింది అనుకున్నాను. 2016లో పెళ్ళయినప్పుడు ఇక తప్పకుండా పోతుంది అనుకున్నాను. 2020 లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి పని మొదలైంది. క్లయింట్ అమెరికాలో ఉంటాడు కాబట్టి కాల్స్ రాత్రి పన్నెండున్నర దాకా నడుస్తాయి. ఇంట్లో అందరూ పడుకున్నాక తలుపు వేసుకున్న గదిలో నేనూ, లాప్‌టాపూ, ఫోనూ. వారానికి ఒకసారి పడేవాడిని కాస్తా మూడు నాలుగుసార్లు పడేవాడిని.

ప్రయత్నించలేదని అనుకోవద్దు. 2021లో 21 రోజులు ఉపవాసం ఉన్నాను. పెద్ద కూటాల్లో ముందుకు వెళ్ళి తల మీద చేతులుంచి ప్రార్థన చేయించుకున్నాను, నిజంగా ఏడ్చాను. యాప్‌లు తీసేశాను, మళ్ళీ వేసుకున్నాను. సాక్ష్యాల్లో "ఆ రాత్రే ప్రభువు నన్ను విడిపించాడు" అని చెప్పేవాళ్ళని విన్నప్పుడల్లా దేవునికి స్తోత్రం అంటూనే, నాకెందుకు అలా జరగడం లేదని లోపల కుమిలిపోయేవాడిని. వాళ్ళకి అలాగే జరిగి ఉంటుంది, నేను కాదనను. నాకు జరిగింది వేరు. నాలా మోకాళ్ళ మీద ఒంటరిగా మొత్తుకుంటున్నవాళ్ళు తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను.

ఫిబ్రవరి 4న పళ్ళెం మళ్ళీ వచ్చింది, మళ్ళీ దాటిపోయింది. ఈసారి నా భార్య ఏమీ అడగలేదు. ఆ మౌనం అడిగినదానికంటే భయంగా అనిపించింది.

ఫిబ్రవరి 6, మంగళవారం రాత్రి పాస్టర్ గారికి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను. "అయ్యగారూ, వందనాలు. మీతో ఒంటరిగా మాట్లాడాలి." పెట్టాక డిలీట్ చేద్దామని రెండుసార్లు వేలు దాని మీద పెట్టాను. అంతలో నీలం టిక్కులు వచ్చేశాయి, జవాబు రాలేదు. ఆ రాత్రి నిద్ర లేదు. ఆయనకి ఎవరైనా నా గురించి ముందే చెప్పేశారేమో అని కూడా అనుకున్నాను. తెల్లవారి ఐదూ పదికి జవాబొచ్చింది. "గురువారం సాయంత్రం ఆరింటికి ఇంటికి రా బాబూ." ఇంకేం లేదు.

గురువారం ఫిబ్రవరి 8. నేను వెళ్ళేసరికి పెళ్ళి ప్రకటన గురించి మాట్లాడటానికి ఒక కుటుంబం వచ్చి ఉంది. నలభై నిమిషాలు వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. పాస్టర్ గారి భార్య, మేము అమ్మగారు అంటాం, టీ ఇచ్చారు. ఆ నలభై నిమిషాల్లో "ఏం లేదు అయ్యగారూ, ఉద్యోగం గురించి ప్రార్థన చేయించుకుందామని" అని చెప్పి వెళ్ళిపోవడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. వాళ్ళు వెళ్ళాక లోపలికి పిలిచి ఆయన తలుపు దగ్గరికి వేశారు. నేను కూర్చోకముందే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

ఆయన నన్ను తిట్టలేదు, ఆశ్చర్యపోలేదు. ఏం చూశావు, ఎలాంటివి చూశావు అని ఒక్క ముక్క అడగలేదు. అందుకు నేను బతికినంతకాలం ఆయనకు రుణపడి ఉంటాను. చాలాసేపు ఊరుకుని, "ఇది ఇంకెవరికైనా తెలుసా?" అని అడిగారు. లేదన్నాను. "పద్నాలుగేళ్ళుగా ఒక్కరికీ తెలీదా?" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు, జాలి ఉంది. నేను అక్కడ ఏడ్చాను.

ఆ తర్వాత ఆయన అన్నది ఇది: "ఇప్పుడు నేను ప్రార్థన చేసి పంపేస్తే నువ్వు తేలికపడి వెళ్ళిపోతావు. రెండు వారాలకి మళ్ళీ మామూలే. దేవుడు క్షమించడానికి ఇంత సేపు పట్టదు. నువ్వు బాగుపడటానికి పడుతుంది." సామెతలు 28:13 తీసి నన్నే చదవమన్నారు. "అతిక్రమములను దాచిపెట్టువాడు వర్ధిల్లడు, వాటిని ఒప్పుకొని విడిచిపెట్టువాడు కనికరము పొందును." చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠతా పట్టిన వాక్యమే. కానీ ఒప్పుకోవడం, విడిచిపెట్టడం అనే రెండు పనుల్లో నేను మొదటిది వదిలేసి రెండోదాని మీదే పద్నాలుగేళ్ళు కుస్తీ పట్టానని ఆ రోజే అర్థమైంది.

ఆయన నాకు మూడు విషయాలు చెప్పారు. కీబోర్డు, సండే స్కూలు రెండూ ప్రస్తుతానికి ఆపేయాలి. పది రోజుల్లో నా భార్యకి నేనే చెప్పాలి, ఆయన చెప్పరు. ప్రతి మంగళవారం ఉదయం ఆరింటికి ఒక సంఘ పెద్దను కలవాలి. బల్ల సంగతేంటని అడిగాను. మత్తయి 5వ అధ్యాయంలో అర్పణను బలిపీఠం దగ్గర విడిచిపెట్టి, ముందు వెళ్ళి సమాధానపడమన్న మాట గుర్తుచేసి, "మీ ఇద్దరూ కలిసి తీసుకోగలిగిన రోజున రా. ఆ రోజు ఎప్పుడో నేను చెప్పను, మీ ఆవిడ చెబుతుంది" అన్నారు.

చెప్పడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. ఫిబ్రవరి 17, శనివారం మధ్యాహ్నం. పాప పక్కింట్లో ఆడుకుంటోంది. నా భార్య హాల్లో కింద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఎదురుగా కూర్చుని నేనూ నాలుగు కాయలు అందుకుని చెప్పడం మొదలుపెట్టాను. ఆమె తల ఎత్తలేదు. చేతులు ఆగలేదు. ఈనె తీయడం, విరవడం, గిన్నెలో వేయడం, మళ్ళీ ఇంకొకటి. నేను చెప్పడం అయిపోయాక కూడా ఆ కుప్ప మొత్తం అయ్యేదాకా ఒలుస్తూనే ఉంది. చివరి కాయ అయ్యాక అడిగింది. "ఎన్నేళ్ళ నుంచి?"

"పెళ్ళికి ముందు నుంచి."

గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం చిక్కుడుకాయ కూర చేసింది. మా ముగ్గురిలో తిన్నది పాప ఒక్కతే.

పదకొండు రోజులు పాప స్కూలు గురించి, పాల బిల్లు గురించి తప్ప మా మధ్య మాటల్లేవు. ఆమె పాపతో వేరే గదిలో పడుకునేది. పన్నెండో రోజు రాత్రి నా గది గుమ్మంలో నిలబడి "నాలో ఏం తక్కువైంది?" అని అడిగింది. నేను తప్పు జవాబు చెప్పాను. "నీలో ఏం తక్కువ లేదు, ఇది మగవాళ్ళందరికీ ఉండే బలహీనతే" అన్నాను. ఓదార్పుగా ఉంటుందనుకున్నాను. ఆమె మొహం చూశాక తెలిసింది, నేను ఆమె గాయాన్ని పక్కనపెట్టి నన్ను నేను సమర్థించుకున్నానని. ఇలాంటి రోజు మీకూ వస్తే దయచేసి ఆ మాట మాత్రం అనకండి.

నేను అసలు ఊహించని విషయం ఒకటుంది. నా కోసం పాస్టర్ గారు ఉన్నారు, పెద్దాయన ఉన్నారు. ఆమెకెవరూ లేరు. తప్పు చేసినవాడి చుట్టూ నలుగురు చేరారు, దెబ్బతిన్న మనిషి ఒంటరిగా వంట చేసుకుంటూ ఉంది. ఇది గమనించింది అమ్మగారు. మార్చి మొదటి వారంలో ఆమే ఫోన్ చేసి నా భార్యను పిలిపించుకున్నారు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఇప్పటికీ నాకు తెలీదు, అడగలేదు. తిరిగి వచ్చినప్పుడు కళ్ళు వాచి ఉన్నాయి, కానీ ఆ రాత్రి అన్నం తింది.

మంగళవారాల గురించి చెప్పాలి. పెద్దాయన రైల్వేలో లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యారు. పెద్దగా చదువుకున్న బోధకుడేం కాదు. ఉదయం ఆరింటికి టీ కొట్టు దగ్గర కలిసేవాళ్ళం. టీ తాగి, అరగంట నడిచి, ఎక్కడో ఒకచోట ఆగి ప్రార్థన చేసుకునేవాళ్ళం. మొదటి వారం నేను నా పాపం గురించి చాలా బరువైన మాటలు మాట్లాడాను. ఆయన అంతా విని, "రెడ్ సిగ్నల్ దగ్గర బండి ఆపడం డ్రైవరు గొప్ప కాదు బాబూ. బండి వేగంలో ఉంటే రెడ్ కనబడ్డాక బ్రేక్ వేసినా ఆగదు. అందుకే ముందు డబుల్ ఎల్లో ఉంటుంది, తర్వాత ఎల్లో. నువ్వెప్పుడూ రెడ్ దగ్గర పడ్డ కథే చెబుతున్నావు. నీ డబుల్ ఎల్లో ఎక్కడ?" అన్నారు.

నాకు జవాబు తెలీలేదు. కనుక్కోవడానికి నాలుగు నెలలు పట్టింది.

ఆ ఏడాది ఫిబ్రవరి 14న భస్మ బుధవారం వచ్చింది కాబట్టి ఆ రోజులన్నీ ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమకాలంలోనే గడిచాయి. మొదటి మూడు వారాలు ఒళ్ళంతా చికాకు. నిద్ర పట్టేది కాదు, పాప మీద ఊరికే కసిరేవాడిని. తర్వాత కొంచెం తేలికైంది. క్యాలెండర్ మీద రోజూ ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టుకునేవాడిని. గుడ్ ఫ్రైడే నాటికి 50 టిక్కులు. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గర ఆరాధనలో నిలబడి, ఇక నేను గెలిచాను అనుకున్నాను.

ఏప్రిల్ 3, బుధవారం రాత్రి పడిపోయాను. ఈస్టర్ అయి మూడు రోజులు కూడా నిండలేదు.

ఆ రాత్రి గురించి దాచకుండా చెబుతాను, ఎందుకంటే ప్రమాదమంతా పడిపోవడంలో కంటే ఆ తర్వాతి రెండు గంటల్లో ఉంది. క్యాలెండర్ చింపేశాను. ఇక నాలాంటివాడు ఎందుకు బతకాలి అనే ఆలోచన కూడా వచ్చింది. రాత్రి రెండు దాటాక 14416కి ఫోన్ చేశాను. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు, డబ్బులేం పడవు, ఏ వేళలోనైనా చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడారు. అటువైపు ఆడ గొంతు వినబడేసరికి సిగ్గుతో పెట్టేయబోయాను. ఆమె తొందరపెట్టలేదు. ఇరవై నిమిషాలు విన్నారు. ప్రాణం తీసుకోవాలనే ఆలోచన ఇప్పుడు ఉందా అని సూటిగా అడిగారు, పక్క గదిలో ఎవరున్నారని అడిగారు, కౌన్సెలర్‌ను కలవమని చెప్పారు. విశ్వాసి ఇలాంటి నంబరుకి ఫోన్ చేయడం అవిశ్వాసం అనుకునేవాడిని నేను. ఆ రాత్రి ఆ గొంతును దేవుడే పెట్టాడని నమ్ముతున్నాను.

ఐదింటికి పెద్దాయనకి ఫోన్ చేశాను. ఏడుస్తున్నానని అర్థమైనట్టుంది, కారణం అడగలేదు. "మొహం కడుక్కుని రా, టిఫిన్ తిందాం" అన్నారు. అది మంగళవారం కాదు, అయినా వచ్చారు. నేను చెప్పబోతుంటే ఆపి, "ముందు తిను" అని ఇడ్లీ ప్లేటు ముందుకు జరిపారు. తిన్నాక అప్పుడు చెప్పమన్నారు. చెప్పాను. "చలిమంట కాచుకుంటూ పేతురు యేసుప్రభువుని ఎరుగనన్నాడు కదా. తర్వాత సముద్రం ఒడ్డున ప్రభువు అతన్ని ఏమన్నాడు? నిప్పుల మీద చేపలు కాల్చి పెట్టి, రండి భోజనము చేయుడి అన్నాడు. తిన్నాకే అడిగాడు, నన్ను ప్రేమిస్తున్నావా అని" అన్నారు. యోహాను 21వ అధ్యాయం నేను పిల్లలకి బొమ్మలేసి నేర్పిన పాఠం. భోజనం ముందు, ప్రశ్న తర్వాత అన్న సంగతి ఎప్పుడూ గమనించలేదు.

ఆ రోజు నుంచి రోజులు లెక్కపెట్టొద్దన్నారు. దాని బదులు పడిన ప్రతిసారీ, పడబోయి ఆగిన ప్రతిసారీ ఒక నోట్‌బుక్‌లో ఆ రోజు ఏం జరిగిందో రాయమన్నారు.

ఇక ఫోన్ సంగతి. మొదట ఫోన్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ అనే చోట అశ్లీల సైట్లు రాకుండా ఆపే ఫిల్టరు అడ్రసు పెట్టాను. ఖర్చు లేదు, రెండు నిమిషాల పని. కానీ నేను పెట్టుకున్నది నేనే పది సెకన్లలో తీసేయగలను. తలుపుకి గడియ లోపలి వైపే ఉన్నట్టు. అందుకని ఏప్రిల్ 6న రూ.1,450 పెట్టి కీప్యాడ్ ఫోన్ కొన్నాను. సిమ్ దాంట్లో వేశాను. స్మార్ట్‌ఫోన్ రాత్రి తొమ్మిది తర్వాత వంటింట్లో, చింతపండు డబ్బా ఉండే అరలో. దాని పిన్ను నా భార్య పెట్టింది. ఇందులో నాకు తెలియని ఇబ్బందులు చాలా వచ్చాయి. స్మార్ట్‌ఫోన్‌లో సిమ్ లేకపోయేసరికి యూపీఐ యాప్ మొరాయించింది, కూరగాయలకి మళ్ళీ జేబులో చిల్లర పెట్టుకోవడం మొదలైంది. ఆఫీసు లాగిన్‌కి వచ్చే కోడ్ యాప్ స్మార్ట్‌ఫోన్‌లోనే ఉంటుంది, దాని కోసం రాత్రి పూట వంటింట్లోకి వెళ్ళి మా ఆవిడను పిన్ను కొట్టమని అడగాలి. మొదట్లో అది చాలా అవమానంగా ఉండేది. ఆమెకీ కష్టంగానే ఉండేది. "నేను మీకు వార్డెన్‌ని కాదు" అని ఒకరోజు విసుక్కుంది. ఆ మాట కౌన్సెలర్ దగ్గర చెప్పాక ఆ పని ఆమె నుంచి తీసేశాం. పిన్ను పెద్దాయన పెట్టారు, కోడ్ యాప్ మాత్రం ఆఫీసు లాప్‌టాప్‌లోకి మార్పించుకున్నాను. ఆఫీసు లాప్‌టాప్‌లో వాళ్ళ నిఘా ఉంటుంది కాబట్టి అటు భయం లేదు.

కౌన్సెలర్‌ను పాస్టర్ గారే చెప్పారు. ఆయన గుంటూరులో ఉంటారు, విశ్వాసి, సైకాలజీ చదివినవారు. అపాయింట్‌మెంట్‌కి పదిహేను రోజులు ఆగాల్సి వచ్చింది. ఏప్రిల్ 20న మొదలుపెట్టి రెండు వారాలకొకటి చొప్పున పది సెషన్లు, ఒక్కోదానికి రూ.700. అందులో మూడింటికి నా భార్య కూడా వచ్చింది. బస్సులో పక్కపక్కనే కూర్చుని, ఏమీ మాట్లాడుకోకుండా గుంటూరు దాకా వెళ్ళేవాళ్ళం. ఆయన మొదటి సెషన్‌లోనే బైబిల్ తెరుస్తారనుకున్నాను. నా నోట్‌బుక్ తెరిచారు. బుధవారాలన్నీ గుండ్రంగా చుట్టారు.

బుధవారం రాత్రి మాకు క్లయింట్‌తో వారం వారం జరిగే రివ్యూ. పన్నెండు మంది ముందు ఏదో ఒక మాట పడాలి. కాల్ అయ్యాక ఎవరితోనూ చెప్పుకోలేని అవమానం, గదిలో చీకటి, ఇంట్లో అందరూ నిద్ర. నేను మోహం అనుకున్నదానికి ముందు ప్రతిసారీ ఇంకొకటి ఉంది. చిన్నబుచ్చుకోవడం, ఒంటరితనం. నా డబుల్ ఎల్లో అది. దాన్ని పాపం అని ఎప్పుడూ అనుకోలేదు కాబట్టి దాని గురించి ఎప్పుడూ ప్రార్థన కూడా చేయలేదు. మోహం గురించే ఉపవాసాలున్నాను.

జూన్‌లో మేనేజర్‌ని అడిగి పగటి షిఫ్టు ప్రాజెక్టుకి మారాను. నైట్ అలవెన్సు నెలకి రూ.4,500 పోయింది, అంటే ఏడాదికి రూ.54,000. ఇంటి లోను కడుతున్న మాకు ఇది చిన్న మాట కాదు. కౌన్సెలింగ్ ఖర్చు, ఫోన్ ఖర్చు దీని ముందు లెక్కలోకి రావు. నా భార్యతో ఈ డబ్బు లెక్క వేస్తూ కూర్చున్న రాత్రి, ఆమే అంది: "పోతే పోయింది. పదింటికి అందరం పడుకుంటాం." నెలల తర్వాత "అందరం" అనే మాట ఆమె నోట విన్నాను.

సంఘంలో మాత్రం ఆ నెలలు గుచ్చుకుంటూనే గడిచాయి. నా స్థానంలో పంతొమ్మిదేళ్ళ కుర్రాడు కీబోర్డు వాయించేవాడు. శ్రుతి తప్పినప్పుడల్లా నా వేళ్ళు ఒళ్ళో కదిలేవి. "ఏంటి బ్రదర్, వాయించడం మానేశారు?" అని అడిగేవాళ్ళు. పాస్టర్ గారు అందరి ముందూ నా సంగతి చెప్పలేదు, అలాగని నా ఆరోగ్యం బాగోలేదని అబద్ధమూ చెప్పలేదు. "కొంతకాలం విశ్రాంతి ఇచ్చాం" అన్నారు, అంతే. కొందరు ఏదో ఊహించుకున్నారు. నేను చాపలు పరిచేవాడిని, మైకు వైర్లు చుట్టేవాడిని, ఆరాధన అయ్యాక గ్లాసులు కడిగేవాడిని. మొదట్లో శిక్షలా చేశాను. ఎప్పుడు మారిందో చెప్పలేను కానీ, జూలై నాటికి ఆ గ్లాసులు కడిగే పంపు దగ్గర నేను పాడుకుంటున్నానని నాకే తెలిసింది.

జూలై 24న ఆఫీసు పని మీద హైదరాబాద్ వెళ్ళాను. ఆఫీసు వాళ్ళు తప్పనిసరి చేయడంతో స్మార్ట్‌ఫోన్ వెంట ఉంది. హోటల్ గదిలో రెండోసారి పడిపోయాను. ఈసారి క్యాలెండర్ చింపలేదు, చచ్చిపోవాలనుకోలేదు. పొద్దున్నే ఆరింటికి నా భార్యకి ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు అటునుంచి శబ్దం లేదు. "అక్కడ టిఫిన్ చేశారా?" అని అడిగి పెట్టేసింది. నేను ఇంటికొచ్చాక ఆమె ఒకమాట చెప్పింది. "మీరు పడిపోయారని బాధగానే ఉంది. కానీ మీరే చెప్పారు. నేను కనిపెట్టలేదు." ఆ రోజు రాత్రి మేమిద్దరం కలిసి 51వ కీర్తన చదివాం. ఫిబ్రవరి తర్వాత మేము కలిసి ప్రార్థన చేయడం అదే మొదటిసారి. "నీ రక్షణానందము నాకు మరల పుట్టించుము" అనే చోట ఆమె ఆగింది. "మరల" అని ఇంకోసారి చదివింది.

ఆగస్టు చివర్లో ఆమే అంది, వచ్చే ఆదివారం ఇద్దరం బల్ల తీసుకుందామని. సెప్టెంబర్ 1, మొదటి ఆదివారం. నేను ఆ వారమంతా ఉపవాసం ఉన్నట్టే ఉన్నాను, ఆకలి వేయలేదు.

ఆ ఆదివారం విజయవాడ ఎలా ఉందో ఇక్కడివాళ్ళకి చెప్పనక్కర్లేదు. శనివారం నుంచి ఆగని వాన, బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిపోయింది. ఆరాధన లేదు, బల్ల లేదు. మధ్యాహ్నానికి పాస్టర్ గారి ఇంటి పెరట్లో పొయ్యిలు వెలిగించి పులిహోర కలపడం మొదలుపెట్టారు. నాలుగు రోజులు అదే పని. నేనూ, ఆ కీబోర్డు కుర్రాడూ ప్యాకెట్ల బస్తాలు మోసి నీళ్ళ అంచు దాకా తీసుకెళ్ళి పడవల వాళ్ళకి అందించేవాళ్ళం. మోకాలి లోతు బురద నీళ్ళలో ఒక ముసలమ్మ ప్యాకెట్ అందుకుని నా తల మీద చెయ్యి పెట్టి "చల్లగా ఉండు నాయనా" అంది. ఆమెకి నేనెవరో తెలీదు. ఆ చెయ్యి కింద నిలబడటానికి నాకు అర్హత లేదనిపించింది, అయినా పక్కకి జరగలేదు.

అక్టోబర్ 6న బల్ల తీసుకున్నాం. తొమ్మిది నెలలు. అదే స్టీలు పళ్ళెం, పట్టుకున్నది అదే పెద్దాయన, ప్రతి మంగళవారం నాతో టీ తాగే మనిషి. ఆయన చెయ్యి కొంచెం వణికింది. నా భార్య ముందు తీసుకుని, ఒక ముక్క నా అరచేతిలో పెట్టింది. మా సంఘంలో అలా ఎవరూ చేయరు, ఎవరిది వాళ్ళే తీసుకుంటారు. ఆ ముక్క నోట్లో పెట్టుకున్నాక చాలాసేపు మింగలేకపోయాను.

దీంతో అంతా సర్దుకుందని అనుకోకండి. క్షమించాను అన్నాక కూడా ఆమెకి కొన్ని రాత్రులు భయంగానే ఉండేది. నేను బాత్రూంలో కాస్త ఎక్కువసేపు ఉంటే ఆమె మొహం మారిపోయేది. నేను మారాను కదా, ఇంకా నమ్మవేం అని ఒకసారి గొంతు పెంచాను. తర్వాత క్షమాపణ అడిగాను. నమ్మమని అడిగే హక్కు నాకు లేదని, నమ్మకం ఆమె ఇచ్చినప్పుడు తీసుకోవడమే నా వంతని కౌన్సెలర్ ముందే చెప్పారు. అది వినడం తేలిక, మంగళవారం నుంచి సోమవారం దాకా రోజూ చేయడం కష్టం. 2025 ఫిబ్రవరిలో ఆమె పాపని పడుకోబెట్టి మళ్ళీ మా గదికి వచ్చేసింది. ఏడాది అయింది. దాని గురించి మేము ఏమీ మాట్లాడుకోలేదు, దిండు తెచ్చుకుంది, అంతే.

జూలై తర్వాత పడిపోలేదు. శోధన, అంటే మళ్ళీ అటు లాగే కోరిక, రావడం లేదని కాదు, వస్తోంది. మొన్న మార్చిలో ఆఫీసులో పెద్ద గొడవైన రోజు సాయంత్రం ఆ పాత చీకటి మళ్ళీ కమ్మింది. వంటింట్లోకి వెళ్ళి "ఇవాళ మనసు బాగోలేదు, నాతో కాసేపు బయటికి వస్తావా" అని అడిగాను. బందరు కాలువ గట్టున అరగంట నడిచి, పాపకి వేడి వేడి మొక్కజొన్న పొత్తు కొని వచ్చాం. ఇందులో యుద్ధంలా ఏమీ లేదు. కానీ పద్నాలుగేళ్ళలో నేనెప్పుడూ చేయని పని అది.

2025 ఏప్రిల్ 20న, ఈస్టర్ ఆరాధనలో మళ్ళీ కీబోర్డు ముందు కూర్చున్నాను. పాస్టర్ గారు ముందు వారం పిలిచి నా భార్యను అడిగారు, ఆ తర్వాత నన్ను. సండే స్కూలు ఇంకా లేదు, దానికి తొందర లేదన్నారు, నాకూ లేదు. ఆ కుర్రాడిని లేపలేదు, ఇద్దరం కూర్చున్నాం. వాడు తోడు స్వరాలు వాయిస్తే నేను పక్కన రాగం అందుకున్నాను. సంవత్సరంలో వాడు చాలా నేర్చుకున్నాడు.

ఆరాధన అయ్యాక వైర్లు చుడుతుంటే వాడే దగ్గరకొచ్చాడు. "అన్నా, మీతో ఒంటరిగా ఒకటి మాట్లాడాలి" అన్నాడు. మొహం నేల మీదే ఉంది. ఏంటని అడగలేదు. మంగళవారం ఉదయం ఆరింటికి టీ కొట్టు దగ్గరికి రమ్మన్నాను, పెద్దాయన కూడా ఉంటారని చెప్పాను. మొదటి మంగళవారం వాడు రాలేదు. నిన్న ఆదివారం మళ్ళీ చెప్పాను, తలూపాడు.

రేపు మంగళవారం. స్మార్ట్‌ఫోన్ వంటింట్లో అరలో పెట్టేశాను. కీప్యాడ్ ఫోన్‌లో ఐదున్నరకి అలారం పెట్టుకున్నాను. వాడు వస్తే ముందు ఇడ్లీ చెప్పాలి.